సెకండాఫ్ పటం

నాలుగు మ్యాచులు. బంతి కాలికి తగిలిన ప్రతిసారీ ఒక చుక్క.
గొడుగు కింద ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోయినప్పుడు
గళ్ల నోటుబుక్కులో పెన్సిలుతో పెట్టినవి కొన్ని.

రాత్రి కూర్చుని రంగులేశాను:
తెగ తిరిగిన చోట ఎరుపు,
అడపాదడపా అయితే పసుపు,
ఎవరూ పోని చోట ఉత్త తెలుపు.

ఇన్నయ్య మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.
"ఏందమ్మా ఇది, కల్లంలో కాయ ఆరబోసినట్టు?"
గుంటూరులో ఎరుపు చూపిస్తే
ఇంకేమంటారు.

ఫస్టాఫ్‌లో కాయ గ్రౌండంతా పల్చగా, సమంగా ఉంది.
సెకండాఫ్‌కి ఎవరో పారతో లాగినట్టు
పడమటి గీత పక్కన కుప్పపడింది.
"ఆ పక్క నుంచే నెట్టమని నేనే చెప్పా"
మాస్టారి గొంతులో చిన్న మీసం మెలేసిన చప్పుడు.

నేనూ నమ్మాను, తెనాలి వాళ్ల చుక్కలు వేసేదాకా.
నరసరావుపేట వాళ్లవి వేసేదాకా.
అవీ అక్కడే.
వాళ్లకి మాస్టారు చెప్పలేదు కదా.

మర్నాడు ఖాళీ గ్రౌండులో ఒక్కదాన్నే నిలబడ్డాను.
నాలుగుంబావుకి
వాటర్ ట్యాంకు నీడ గీత దాటి
మెల్లగా లోపలికొచ్చింది.
ఇరవై ఒక్కమంది ఆట దాని వెంటే నడిచిందన్నమాట,
ఒక్కరికీ తెలియకుండా.

ఇరవై రెండోవాడు సైదావలి.
తూర్పున, ఎర్రటెండలో, సన్నగా ఒక్క చార.
పొద్దున్నుంచీ కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు మోసే కుర్రాడు,
చలి వదలడానికి ఎండ కాగుతున్నాడేమో అనుకుని
అడిగితే నవ్వాడు.
"అక్కడెవరూ ఉండరు కదా మేడం."

ఖాళీని నేను ల్యాప్‌టాప్‌లో చూశాను.
వాడు కాళ్లతో చూశాడు.

వాడికందిన పాసులకి నీలం గీతలు గీశాను.
నాలుగు సెకండాఫ్‌లకి ఏడు.
చెయ్యెత్తి అడిగినవెన్నో?
దానికి నా దగ్గర గడే లేదు.

నోటుబుక్కులో కొత్త గడి గీశాను.
పైన ఏం రాయాలో తోచక
ఒక చెయ్యి బొమ్మ వేశాను, వంకరగా.
మాస్టారికి ఇంకా చూపించలేదు.

ఇవాళ చీరాలతో ఆట.
నీడ లోపలికొచ్చింది. అందరూ అటు జరిగారు.
నేను కుర్చీ తూర్పుకి తిప్పుకున్నాను.
ఒకటి.
రెండు.
మూడు, ఈసారి రెండు చేతులూ.