గీత పడ్డ చోట

బెజవాడ రైల్వే కాలనీలో
దేశం వదిలి పోతున్న గార్డు దొర
అమ్మకానికి పెట్టిన సామానులో
ఇనప మంచాల పక్కన దొరికిందది.
నాలుగు రూపాయలు.
అట్ట మీద టోపీ పెట్టుకున్న భారీ మనిషి,
శాక్సోఫోను నోట్లో పెట్టుకుని
నిద్రపోతున్నట్టున్నాడు.
"మన రంగేరా" అన్నాడు మా బాండు మాస్టరు
కారుమంచి దేవసహాయం.

పాసింజరులో గుంటూరు దాకా ఒళ్ళోనే.
కృష్ణ మీద అందరూ చిల్లర విసురుతుంటే
ఈయన అట్ట మీద దుమ్ము తుడుస్తున్నాడు.

లాలాపేటలో మస్తానయ్య మైకుసెట్ల కొట్టు.
పగలు అద్దెకెళ్ళే ప్లేయరు
రాత్రి పదింటి తర్వాత మాది.
సూది పెట్టాక
ముందు పాట రాలేదు,
ఊపిరి వచ్చింది.
ఆరబోసిన మిరపకాయల మీద
గోనెపట్టా ఈడ్చిన చప్పుడు.
ఆ వెనక స్వరం.
స్వరం అయిపోయాక కూడా ఊపిరి
కాసేపు అక్కడే నిలబడింది,
సెలవు తీసుకుని, చెప్పులేసుకుంటూ
ఇంకో మాట చెప్పే చుట్టంలా.

"ఇన్నాళ్ళూ పేటంతా లేచేట్టు ఊదాం గదరా,
ఈయనెవరో
పక్కింట్లో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు ఊదుతున్నాడు."

రెండో వైపు మూడో పాటలో గీత ఉంది.
అక్కడికి రాగానే సూది ఒక అంగ దూకేది,
మురిక్కాలవ దాటినట్టు.
ఆ కాలవలో ఏం పడిపోయిందో మాకు తెలీదు.
మాస్టరు దూకుడుతో సహా నేర్చుకున్నాడు.
మస్తానయ్య నవ్వాడు, అది పాట కాదయ్యా, దెబ్బ.
"దెబ్బ తగిలినా ఆగలేదుగా"
పీక తడుపుకుంటూ అన్నాడు మాస్టరు.
ఆయన శాక్సు మద్రాసులో కొన్న పాతది,
రెండు మీటలకి సైకిలు ట్యూబు ముక్కలు కట్టింది.

కొత్తపేట ఊరేగింపుల్లో
సినిమా పాటలు అయిదారు అయ్యాక
లైట్లోళ్ళు బీడీకి ఆగిన సందులో
దాన్ని అందుకునేవాడు.
నాకేమో పుల్లలు వద్దన్నాడు,
కొబ్బరీనెలు కట్టగట్టి
సైడ్‌డ్రమ్ము మీద ఊడ్వమన్నాడు.
చిందెయ్యటం కుదరక పెళ్ళివారి కుర్రాళ్ళు తిట్టేవాళ్ళు.
గుర్రం మాత్రం నడక తగ్గించేది.
గీత దగ్గర నేను చెయ్యెత్తి ఆపాలి,
సరిగ్గా ఒక అంగ.
ఎన్ని పెళ్ళిళ్ళో.
ఒక్కసారి, మూడు వంతెనల కింద,
పైన గూడ్సు పోతుంటే తప్పాను.
మర్నాటిదాకా నాతో మాట్లాడలేదు.

యార్డు ముందు లారీలు బారులు తీరే నెలల్లో
ఊరంతా దగ్గేది, ఆయన ఎక్కువ దగ్గేవాడు.
చివరి ఏడాది ఊదితే
ఊపిరి వచ్చేది, స్వరం వచ్చేది కాదు.
"ఇప్పుడు అచ్చం ఆయనలాగే ఉందిరా"
అని నవ్వబోయి
గోడ పట్టుకున్నాడు.

రికార్డు ఏమైందో అడక్కండి.
కొట్టు పోయింది, మస్తానయ్యా పోయాడు,
ఈనెల కట్ట మాత్రం మొన్నటిదాకా ఉంది,
మా ఆవిడ పొయ్యిగట్టు ఊడ్చి ఊడ్చి అరగదీసింది.

నిన్న మనవరాలు బ్లెస్సీ
నేను కూనిరాగం తీస్తుంటే విని
ఫోనులో ఎక్కడో పట్టుకుంది ఆ పాటనే.
గీత లేదు.
ఇన్నేళ్ళూ మేం దూకిన చోట ఏముందంటే
పెద్దగా ఏం లేదు,
నాలుగు స్వరాలు, అరుగు దిగినట్టు.
బాగానే ఉన్నాయి.
వాటి దారిన అవి వెళ్ళిపోయాయి.
నా చెయ్యే గాల్లో ఉండిపోయింది.

"చెయ్యి నొప్పా తాతా?" అంది.
కాదమ్మా.
ఉండు,
మా కాలవ ఇంకా దాటలేదు.