ఎజెండాలో పదిహేడో అంశం

తీర్మానాల పుస్తకం రాసేది నేనే.
ఇరవై రెండేండ్ల సంది, నల్ల సిరాతోని.
ఎవరెంత లొల్లి చేసినా రెండు లైన్లల్ల కుదిస్త.
నీళ్ల బాటిల్ ఇసిరితే "చర్చ జరిగినది" అని రాస్త,
మైకు గుంజుకుంటే "సుదీర్ఘ చర్చ" అని.

పదిహేనో అంశం, ఇంటి పన్ను.
రేకుల ఇల్లూ స్లాబు ఇల్లూ
ఒక్క గజంబద్ద కిందికొచ్చినయి.
పదకొండో వార్డు బాల్కిష్టమ్మ లేచి
"మా గల్లీల మోరీయే లేదు, మోరీ పన్ను ఎట్లేస్తరయ్యా" అన్నది.
నవ్విండ్రు.
మిర్చి బజ్జీల ప్లేటు ఆమె దాకా పోలే.
ఆమోదించడమైనది.

పదహారు. బైపాస్ పక్కన నలభై ఎకరాల వెంచర్.
పార్కుకు ఇడిసిన జాగ నక్ష మీద పచ్చగ ఉన్నది,
నేను పోయి చూసిననాడు ఆడ సిమెంటు బస్తాలున్నయి.
ఎవరూ లేవలే. ఎవరూ దగ్గను గుడ దగ్గలే.
ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

ఇగ పదిహేడు.
"పట్టణంలో బయటివారి నివాసం గురించి."
కాగితాల్లేనోళ్లకు గది కిరాయికిస్తే ఓనరుకు జుర్మానా,
మూడు రాత్రులు పోలీసోళ్లతోని తనిఖీ,
వారంల ఖాళీ.
బయటివారు అని రాయబోతే పెన్ను ఆగింది.
సిరా అయిపోలే. విదిలిస్తే బండల మీద చుక్కలు పడ్డయి.

మా నాయిన కుర్మయ్య.
ఆయన తట్ట మోసిన కాల్వలకు ఆయన పేరు తెల్వదు,
వాటి పేర్లు ఆయనకూ తెల్వదు.
"ఎర్రమన్ను కాల్వ" అంటుండె,
"మీ అవ్వకు జరమొచ్చిన కాల్వ" అంటుండె.
ఏ రాష్ట్రం నాయినా అంటే
"రెండు రాత్రుల రైలు" అంటుండె.
ఆ జరమొచ్చిన కాల్వ గట్టు మీద
తాడిపత్రి గుడిసెల నేను పుట్టిన.
ఆడ మాకు పేర్లుండకపోయె.
ముసలోళ్లను, పోరగాండ్లను, కడుపుతోనున్న మా అవ్వను
అందర్ని "పాలమూర్" అనే పిలిచేటోళ్లు.
ఒకనాడు ఆ ఊర్ల ఇత్తడి బిందె పోతే
మా గుడిసెలన్నీ బోర్లించి దేవులాడిండ్రంట.
బిందె వాళ్ల బాయిలనే దొరికింది.
మన్నుల పోసిన బియ్యం మూడు దినాలు ఏరుకున్నది అవ్వ.
బడిల ఏసేటప్పుడు, పుట్టిన ఊరేదంటే
"పాలమూరే రాయి సారూ" అన్నడు నాయిన.
ఆ అబద్ధం మీదనే నాకీ కొలువు.

రాసిన. బయటివారు అని
గుండ్రటి అక్షరాలతోనే రాసిన.

జాబితా ఎక్కించనీకి నన్నే పంపిండ్రు.
టౌను చివర, తాళాలు తియ్యని డబల్ బెడ్రూం ఇండ్లు.
వాటి వెనక రేకుల షెడ్డు.
ఇండ్లు కట్టినోళ్లు షెడ్డుల ఉన్నరు,
ఇండ్లల్ల పావురాలున్నయి.
షెడ్డు ఓనరు నా చెవుల గొణుగుతున్నడు,
కొత్త పన్నూ జుర్మానా రెండూ కిరాయి మీదనే ఏస్తనని.

ధనుర్జయ భోయి, బలంగీర్ జిల్లా, సెంట్రింగ్ పని.
కార్డు మీది ఫోటో చెమటకు, సున్నానికి అరిగింది.
ఎస్సై టార్చి ఫోటో మీద కొడ్తడు, మొఖం మీద కొడ్తడు,
మళ్ల ఫోటో మీద.
ఆయన బిడ్డ మినతి, ఆరేడేండ్లుంటయి,
నిద్రకండ్లు నలుపుకుంట నా పుస్తకంలకు తొంగి చూసి
అచ్చం మా గల్లీ పోరి లెక్క అడిగింది,
"సారూ, మా అమ్మ పేరు గుడ రాస్తవా?"
రాస్త గని, నువ్వు యాడ పుట్టినవ్ బిడ్డా?
"ఈడనే. గా మూడో బిల్డింగు పిల్లర్ల కాడ."

ఎస్సై వాచీ చూసుకుంటున్నడు.
స్వస్థలం కాలంల
పాలమూరు అని రాసిన.
మా నాయిన రాయించింది అబద్ధం,
ఇది కాదు.

ఆఫీసుల పెద్ద పుస్తకం మాత్రం అట్లనే ఉన్నది.
పదిహేడో అంశం,
ఆమోదించడమైనది.
కింద సంతకం చైర్మన్‌ది,
చేతిరాత నాది.