మూడో నంబరు నాజిల్

మార్కాపురం. మే నెల. మధ్యాహ్నం రెండు.
కరెంటు పోయింది.
క్రీము గులాబీలు నా కళ్ళముందే
ఒక్కో రేకూ నడుం వాలుస్తున్నాయి.
ఫ్రిజ్జుని మొయ్యలేనని ఇన్వర్టరు మూలుగుతోంది.
ఐసుగిన్నెలో వేళ్ళు ముంచి, తుడుచుకుని
మళ్ళీ కోన్ పట్టుకుంటాను.
వేడి చేతికి క్రీము లొంగదు.
ఈ సంగతి నాకు నేర్పడానికి మా ఊరి ఎండకి
ఒక్క పెళ్ళి కేకు చాలింది.

స్టేషన్ రోడ్డులో నా షాపు.
షాపంటే ఒక షట్టరు, తిరిగే బల్ల, నేను.
కేకుల కరీమూన్ అంటారిప్పుడు.
అంతకుముందు
పలకల హుసేనమ్మ కూతుర్ని.

పొద్దున పార్టీవాళ్ళొచ్చారు, పదిహేను కిలోలు,
మీద ముగ్గురు నాయకుల మొహాలు.
ఎవరి నవ్వు ఎంత వెడల్పుండాలో
టేపు పెట్టి కొలిచి మరీ చెప్పిపొయ్యారు.
నిన్న ఒక ట్రాక్టరుకి తొలి పుట్టినరోజు.
టైర్లకి చాక్లెట్ బాగా కుదిరింది గానీ
నంబరు ప్లేటులో ఒక అంకె తప్పు రాశాను.
ఓనరు అలిగి వంద తగ్గించాడు.
ట్రాక్టరు ఏమీ అనుకోలేదు.

ఇంగ్లీషు పేర్లు తేలిక,
చెయ్యి ఎత్తకుండా జారిపోతాయి.
తెలుగుతోనే పేచీ.
తలకట్టు పెట్టగానే కోన్ లేపాలి,
లేపకపోతే తోకొస్తుంది.
సుడి తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టాలి.
తర్లుపాడాయన ఒకాయన
పాప పేరు ప్రజ్ఞ అన్నాడు.
జ కింద ఞ ఒత్తు!
అన్నా, ఈ అక్షరానికి అరకిలో చాలదు,
కిలో తీసుకోమన్నాను.
నవ్వాడు. తీసుకున్నాడు.
డబ్బా ఒళ్ళో పెట్టుకుని వాళ్ళావిడ బండెక్కితే
రైలుగేటు గతుకుల్లో ఆ ఒత్తు జారకుండా
నేనిక్కడ పళ్ళు బిగించి నిలబడ్డాను.

ఇంత కష్టపడి చేసింది
కోసుకు తింటుంటే బాధనిపించదా అంటారు.
మా అమ్మ ఇరవయ్యేళ్ళు
పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించింది.
పలక పుట్టేదే చెరపడానికి.
చెరగని పలక ఏ బడికి కావాలి?
దానికి ఉమ్మి, మోచెయ్యి.
దీనికి ప్లాస్టిక్ కత్తి.
కాకపోతే, ఫోనుకి పంపే ఫొటోల్లో చూస్తాను,
మొదటి కోతే పేరు మీద వేసేవాళ్ళు కొందరు,
పేరు చుట్టూ తింటూ పోయి
చివరిదాకా దాన్ని బతికించేవాళ్ళు కొందరు.
ఈ రెండోవాళ్ళకి మళ్ళీసారి
అడక్కుండానే ఒక పువ్వు ఎక్కువేస్తాను.

మొన్న అమ్మ షాపుకొచ్చింది.
మూలన స్టూలు మీద కూర్చుని
దగ్గుతా చూస్తా, చూస్తా దగ్గుతా
పొద్దంతా ఉంది.
పలకపొడి ఇంకా లోపలే కూర్చునుంది మరి.
దీపాలు పెట్టే వేళ
"నన్నోసారి పిండనియ్యే" అంది.
మూడో నంబరు నాజిల్ తొడిగి ఇచ్చాను.
అప్పుడే తెల్లగా పూసిన అరకిలో కేకు మీద
చాక్లెట్‌తో నాలుగు నిలువుగీతలు,
వాటి మీద అడ్డంగా ఒకటి.
పక్కన మళ్ళీ నాలుగు. మళ్ళీ అడ్డం.
అంచు నుంచి అంచుకి,
గీతకీ గీతకీ ఒకే ఎడం.
నా చెయ్యైనా అంత నిలకడగా ఉండదు.
దగ్గు కూడా రాలేదు.

"ఏందిమా ఇది?"
"లెక్క.
డజన్ల మీద కూలిచ్చేవాళ్ళు.
మేస్త్రీ తక్కువ రాస్తాడని
పగిలిన పలక మీద నేనూ గీసుకునేదాన్ని.
ఇంటికొచ్చేముందు తుడిచేసేదాన్ని."

ఆమెకి రాయడం రాదని
ఇన్నాళ్ళూ నేను అందరికీ చెప్పుకుంటూ వచ్చాను.

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించాక
మెడికల్ షాపు కుర్రోడు వంగి తొంగిచూశాడు.
ఏదో ఒకటి ఇయ్యక్కా, అర్జెంటు.
అద్దాలపెట్టెలో అదొక్కటే మిగిలింది.
"ఈ గీతలేందక్కా?"
"కొత్త మోడలు."
"పేరు రాస్తావా?"
"చోటు లేదు."
వాడు తల గోక్కుని, సరే అన్నాడు.

డబ్బాకి దారం చుడుతుంటే
మూలన స్టూలు మీంచి అమ్మ,
"ముందు డబ్బులు తీసుకో."