విలువ ఎంత రాయమంటారు

ఏప్రిల్ వచ్చినా మంచు వదలని థండర్ బే.
పోస్టాఫీసు తలుపు ఇంకా సగమే తెరిచాను,
టోయివో హక్కరైనెన్ లోపలికొచ్చి
కోడిగుడ్ల తట్ట దించినట్టు
పొట్లం నా కౌంటర్ మీద దించాడు.

రెండు అట్టలు, వాటి మధ్య ఇంకో రెండు,
చుట్టూ నీలం టేపు.
'వంచరాదు' అని మూడు వైపులా,
నాలుగో వైపు అదే మాట ఫిన్నిష్‌లో.
హామిల్టన్‌లో అదెవరు చదువుతారండీ అంటే
"ఉంటారులే ఒకరు" అన్నాడు.

లోపలేముంది?
ఫోటో.
గోల్‌కీపర్ డెల్మార్ ఫిచ్ వచ్చే నెల
ఒక డీలర్ కొట్లో కూర్చుని సంతకాలు పెడతాడట.
పేరుకి అరవై డాలర్లు.
పేరు కాక ఇంకేమైనా రాయిస్తే
మాటకి పది.

"మూడు మాటలకి కట్టాను" అన్నాడు.
ఏం మాటలు?
అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి:
"పక్ గీత దాటింది."

ఆపైన గోరుతో అట్ట మీదే బొమ్మ గీశాడు.
ఇదిగో వల. ఇదిగో పడిపోయిన ఫిచ్.
ఈ అంచున మోచెయ్యీ అర కర్రా, అది నేను.
డెబ్బై నాలుగు మార్చి, ఆఖరి నిమిషం.
రిఫరీ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.
ఆ తర్వాత ఫిచ్ పెద్ద లీగులకెక్కాడు,
నేను ధాన్యం ఎలివేటరెక్కాను.
ముప్పై ఎనిమిదేళ్ళు గోధుమ దుమ్ము.

మరి పక్ ఎక్కడ ఫోటోలో?
"అక్కడే ఉంది. నీడ పడింది."

భీమా ఫారం ముందుకు తోశాను.
విలువ ఎంత?
"పోతే ఎంతిస్తారు?"
మీరు రాసినంత. రుజువు చూపిస్తే.
రుజువు అన్న మాటకి
అతని ముఖం కాస్త ముడుచుకుంది.

యాభై రాశాడు. కొట్టేశాడు.
ఐదువేలు రాశాడు. నా వైపు చూశాడు. అదీ కొట్టేశాడు.
చివరికి మళ్ళీ యాభై.
కొట్టివేతల పక్కన సంతకం పెట్టాలండీ అన్నాను.
పెట్టాడు, రెండుచోట్లా,
బడిపిల్లాడిలా గుండ్రంగా, ప్రతి అక్షరం తెలిసేలా.
దానికెవరూ అరవై ఇవ్వరు.

ప్రతి గురువారం వచ్చేవాడు.
పోనుపోను పదకొండు రోజులు ఆ పొట్లం
మార్గమధ్యంలోనే ఉండిపోయింది.
కంప్యూటర్ చెప్పిందే చెప్పేది,
నేను చెప్పిందే చెప్పేదాన్ని,
అతను "మంచిది" అని స్టాంపు ఒకటి కొనుక్కుని వెళ్ళేవాడు.
ఎవరికి రాస్తున్నాడో ఏమో అన్ని ఉత్తరాలు.

జూన్‌లో తిరిగొచ్చింది.
నా కత్తెర వద్దన్నాడు.
టేపుని గోళ్ళతో ఒలుస్తుంటే
వెనక వరస తలుపు దాకా పెరిగింది.

మంచు మీద నీలం సంతకం, ఏటవాలుగా.
పేరు ఒక్కటే.
ముప్పై డాలర్ల చెక్కు వెనక్కి వచ్చింది,
దానికి గుచ్చిన చీటీలో డీలర్ రాత:
'ఫిచ్ గారు చాలాసేపు నవ్వారు.
ఫోటో కళ్ళ దగ్గర పెట్టుకుని ఇంకా చాలాసేపు చూశారు.
అది మాత్రం రాయనన్నారు.'

అయితే ఆ ఆఖరి అక్షరం తోక ఉంది చూశారూ,
ఊరికే ఆగలేదు.
కిందికి జారి, వల స్తంభం దాటి,
సరిగ్గా ఆ నీడ మీద ఒక చుక్కై నిలిచింది.

స్టాంపులు చూసే భూతద్దం ఇచ్చాను.
అతను చూశాడు.
పాస్‌పోర్టు కాగితాలతో నిలబడ్డావిడ చూసింది,
"దాటింది" అంది.
ఆమె వెనక కుర్రాడు మెడ చాచి
"లేదు, గీత మీదే ఉంది" అన్నాడు.
అప్పుడిక వరస వరసంతా నోరు చేసుకుంది.
వాళ్ళలో సగంమంది ఆనాటికి పుట్టనే లేదు.

టోయివో ఏమీ అనలేదు.
భూతద్దం నా చేతిలో పెట్టి
నా ముఖం వంక చూస్తూ నిలబడ్డాడు.

నేను బరువులు తూచేదాన్ని.
"తర్వాత ఎవరండీ" అన్నాను.