కొసరు

కాశిబుగ్గల ఆరెకటిక మానాజీ దుకాణం.
ఆదివారం, ఆరుగంటలకే చింతమొద్దు తడి.
మోదుగాకులు తెచ్చే ముసలామె రావట్లేదని
ఈ ఏడు కాయితాల్ల కడుతుండు కూర.
మూతబడ్డ మిల్లు హాజరుపట్టీలవి.
పేరు, షిఫ్టు, సంతకం, అన్నీ ఖాళీ గళ్లు.
గళ్ల మీదికెల్లి నీలిసిరాతోటి
అడ్డంగ నడిచిపోయే ఒక కథ.
సచ్చిపోయిన తమ్ముడు ఖండోజీ రాసిండట.
మానాజీకి తెలుగు సదువ రాదు.
తూకం సదువుతడు.

నేను చేతి కంపోజిటర్ని. ప్రెస్సు అమ్ముకున్నరు.
సీసపు అక్షరాల్ని ముప్పై ఏండ్లు తిరగేసి సదివినోణ్ని.
మొదటి పొట్లంల పంతొమ్మిదో పేజీ దొరికింది:
తలలేని మ్యాక కొక్కానికి ఏలాడుకుంట అడుగుతది,
"నేను పదకొండున్నర కిలోలే గదనే,
పన్నెండు అమ్మినవు.
ఆ అర్ధకిలో ఎవలిది?"

అప్పట్నుంచి పావుకిలో సాలే ఇంటికి
అర్ధకిలో తెస్తున్న.
ఒకపాలి బోటి, ఒకపాలి ఉత్త బొక్కలు.
"జీతం బందయింది గని నాలుక పెరిగింది"
అంటది మా ఆండాలు.

కథల కటికాయనకు నెత్తురు రాదు, నొప్పి లేదు.
పిక్కల ఒక గుంట. వీపుల ఒక పల్లం.
నూనె రాసే పెండ్లాం చెయ్యి
ఒకకాడ ఆగుతది,
అడగది,
మళ్ల రాస్తది.
నలభై ఆరో పేజీల
దుకాణం మూసి, దీపం తగ్గిచ్చి
తక్కెట్ల తనే కూసుంటడు.
పళ్లెం కిందికి దిగది.

ఆఖరి పేజీ పోయినవారం నా పొట్లంలనే వచ్చింది.
కార్జం తడికి కాయితం పిండైపోయింది.
అక్షరాలు మాత్రం కార్జం మీద దిగినయి,
తిరగబడి, నీలంగ,
గల్లీల పేర్చిన సీసం లెక్కనే.
కండ్లద్దాల కోసం లోపటికి పోయిన.
వచ్చేసరికి ఆండాలు
ఉప్పు పసుపు పట్టిచ్చింది.

తిన్నం.
బాగనే ఉండె.

ఇయ్యాల అడిగిన, "మానాజీ, ఆఖరికి ఏమైతదే?"
కత్తి ఆపలేదు.
"నాకేం తెల్సు.
సచ్చేముందు ఒక్కపాలి సదివి ఇనిపిచ్చిండు.
సగంల నిద్ర పట్టింది నాకు."

ముల్లు నడిమిట్ల నిలబడ్డది.
నిలబడ్డంక ఒక తునక ఏసిండు.
నా మొకం జూసి
ఇంకోటి.