సున్నపు నీళ్ళలో గుడ్లు

స్కెల్ట్ నది ఆటుపోట్లతో ఊపిరి పీల్చుకునే చోట
గట్టు కింద, పదకొండో నంబరు ఇల్లు.
నేను మునిసిపాలిటీ పంపిన మనిషిని.
చంకలో థర్మోకోల్ పెట్టె, మెడలో నా ఫొటో ఉన్న కార్డు.
పెరటి గుడ్లు పోగుచేయడం నా పని,
ఇంటికి నాలుగు.

తలుపు తీసింది గోడెలీవ.
డెబ్భై మూడేళ్ళు, మోచేతుల దాకా పిండి.
"కాళ్ళు తుడుచుకో, నేల ఇప్పుడే కడిగాను" అంది.
ఇల్లంతా వెనిగర్లో నానిన నారింజ తొక్కల వాసన.

ఆ ఇంట్లో కొన్న వస్తువు ఏదని
కళ్ళతోనే వెతుకుతూ కూర్చున్నాను.
బట్టలుతికేది గోడ మీది ఐవీ ఆకులు ఉడికించిన నురగతో.
దగ్గుకి ఉల్లిపాయ ముక్కల మీద పటికబెల్లం.
రొట్టె చుట్టింది పాత దుప్పటి చింపి
తేనెమైనం పట్టించిన గుడ్డలో.
ఒక్క పెనం మాత్రం దొరికింది, నల్లగా, నున్నగా.
ఆమె భర్త ఫిర్మిన్ అవతలి ఒడ్డు ఫ్యాక్టరీలో
ఇరవై ఆరేళ్ళు చేసి దిగిపోయిన రోజు
వాళ్ళిచ్చిన కానుక, ఏదీ అంటుకోని పెనం.
అది పెరట్లో ఉంది.
కోళ్ళు అందులో నీళ్ళు తాగుతున్నాయి.

ఆరు కోళ్ళు. పేర్లు లేవు.
"పేరు పెడితే కోయలేం" అంది.

ఏడు వారాలకు ఉత్తరం నేనే పట్టుకెళ్ళాను,
పోస్టులో వేయబుద్ధి కాలేదు.
*మీ పెరటి గుడ్లు తినరాదు.
దుకాణంలో కొన్న గుడ్లకు అభ్యంతరం లేదు.*
కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివింది,
తీసేసి ఇంకోసారి.

"దుకాణం గుడ్డు పెట్టిన కోడి
ఎప్పుడైనా మట్టి గీరిందా?"
లేదన్నాను.
"వానపామును చూసిందా?"
లేదన్నాను.
"అందుకే మంచిదా?"
దానికి జవాబు నా శిక్షణలో చెప్పలేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదనేవారు పూర్వం.
అప్పుడు తప్పు చెట్టుది కాదు, చూసే కళ్ళది.
ఇప్పుడు చెట్టుదీ కాదు, కళ్ళదీ కాదు.

ఆమె ఉత్తరం తిరగేసి
వెనకవైపు పెన్సిల్‌తో లెక్క మొదలుపెట్టింది.
పక్కింటి లీవెన్, వాడికి వారానికి ఆరు.
ఏడాదికి యాభై రెండు వారాలు.
వాడికి తొమ్మిదేళ్ళు, పళ్ళొచ్చిన ఏడాది నుంచి, అంటే ఎనిమిది.
రెండువేల నాలుగువందల తొంభై ఆరు.
ఆగి,
వాళ్ళు సముద్రానికి వెళ్ళిన వేసవి వారాలు తీసేసింది.
కోళ్ళు ఈకలు రాల్చి గుడ్లు మానేసిన శీతాకాలాలు తీసేసింది.
ఇంకా ఏమైనా తీయొచ్చేమో అన్నట్టు
నా ముఖంలోకి చూసింది.

టీ చల్లారిపోయింది.
తాగకపోతే బాగుండదని తాగాను.
తాగాక గుర్తొచ్చింది, నీళ్ళు ఏ బావివో అడగలేదని.

ఆకులు రాలే కాలానికి మళ్ళీ వెళితే
నేలమాళిగలో అరల నిండా గాజు జాడీలు.
సున్నపు నీళ్ళలో గుడ్లు,
ఒక్కోదాని పెంకు మీద ఒక్కో తేదీ.
యుద్ధకాలంలో వాళ్ళమ్మ ఇలాగే దాచేదట
చలికాలం తిండికని.
"ఇవి తినడానికి కాదు" అంది.
"ఎప్పుడో ఒకప్పుడు విచారణ పెడతారుగా.
అప్పుడు గుడ్లెక్కడని అడుగుతారు."

పైకి వచ్చాక గూట్లో చెయ్యి పెట్టి
ఒకటి తీసి నా అరచేతిలో ఉంచింది.
ఇంకా వెచ్చగా ఉంది,
గడ్డిపోచ ఒకటి అంటుకుని ఉంది.
"ఇవాళ్టిది. తేదీ వెయ్యాలి, పెన్సిలుందా?"
జేబులోంచి పెన్ను తీసిచ్చాను.

"పెన్ను వద్దు" అంది గోడెలీవ,
"ఆ సిరాలో ఏం కలుపుతారో ఏమో."
పెన్సిల్ కోసం లోపలికి వెళ్ళింది.
నేను గుడ్డు పట్టుకుని నిలబడ్డాను,
కింద పెట్టడానికి చోటు కనబడక.