రెండోసారి కాదు

మొదటిసారి కాదన్నది వంటింట్లోనే.
జాబ్రియాలో, పొయ్యి మీద మజ్బూస్ ఉడుకుతుంటే
ఎండునిమ్మకాయలకు కత్తిమొనతో తూట్లు పొడుస్తూ,
చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని.
"మా అమ్మ అట్లాంటి చోట్లకేం పోదు సార్,
కావాలంటే మీరే అడగండి" అని
మహేంద్ర ఫోను వీఆర్వో చేతికిచ్చినాడు.
ఆయన గొంతు మెత్తగానే ఉంది.
"ఏమ్మా ఓబులమ్మా, చర్చికి పోతావంట గదా ఆడ?"

పోను, అన్నాను.

రెండక్షరాలు.
కొడుక్కి కాగితమొచ్చింది, కాలేజీ వచ్చింది,
ఇప్పుడు బెంగళూరులో చల్లటి గదిలో కూర్చుంటాడు.

ఇక్కడ కోడి కూయదు.
మామా ఫ్రీజర్లో బ్రెజిల్ కోళ్ళుంటాయి, తలల్లేనివి.
ఆ రాత్రి ఒకటి తీసి నీళ్ళలో వేసి
మంచు వదిలేదాకా దాని ముందే నిలబడ్డాను.

ఎందుకు నమ్మినావంటే ఏం చెప్పను?
వచ్చిన రెండో ఏడు, జ్వరంలో,
"యా బింత్" తప్ప మరో పిలుపు వినని చెవికి
రాజోలు సునందక్క నా పేరు పెట్టి ప్రార్థన వినిపించింది.
ఓబులమ్మ అనే చెప్పింది దేవుడికి, మార్చకుండా.
"ఓబులేసులోనూ ఏసున్నాడు లేవే" అని నవ్వింది.

శుక్రవారం పొద్దున సిటీలో ఆ కాంపౌండు.
పైన మలయాళం వాళ్ళు, పక్క హాల్లో ఫిలిప్పీనోలు,
మెట్లు దిగితే నేలమాళిగలో మనం.
తొమ్మిదికల్లా కుర్చీలు మడిచి ఖాళీ చేయాలి.
పోను రెండు దినార్లు, రాను రెండు.
ఫైబరు తొట్టిలో ముంచినప్పుడు
నీళ్ళు కాలుతున్నాయి, మిద్దె మీది ట్యాంకులోవి.
మునిగింది ఓబులమ్మ, లేచింది మార్తమ్మ.
వంటమనిషికి వంటమనిషి పేరే దొరికింది అయ్యగారికి.
రిజిస్టరులో రాయొద్దులే అన్నదీ ఆయనే.
"ఊళ్ళో ఇబ్బంది. దేవుడికి తెలుసు గదా."
దేవుడికి తెలుసు.
తహసీల్దారుకి తెలియకుంటే చాలు.

ఇప్పుడు ప్రవల్లిక.
నర్సింగు సీటు, అదే కాగితం, కొత్త ఆఫీసరు.
ఎవరో ఆయనకు ఫోటో చూపించినారంట:
తడిజుట్టుతో నేను, కళ్ళు మూసుకుని.
"అది నేను కాదని వీడియోలో ఒక్క మాట చెప్పుమా.
మనసులో ఉంచుకో నీ దేవుణ్ణి.
మనసుకెవరూ సర్టిఫికెట్టు అడగరు."
దాని తెలివి నాదే. నాకు కోపం రాలేదు.
అన్నకు చెప్పినావు గదా, అని మాత్రం అనలేదది.
అనుంటే చెప్పేసేదాన్నేమో.

బట్టలుతికే గదిలో, మిషను తిరుగుతుంటే,
ఫోను సబ్బుడబ్బాకి ఆనించి పెట్టి
మూడుసార్లు తీసి మూడుసార్లు చెరిపేశాను.
నాలుగోసారి నోరు దానంతటదే అంది:
అది నేనే సార్. బిడ్డకేం సంబంధం లేదు. మునిగింది నేను.
పంపినాక చేతులు వణికినాయి.
పాట రాలేదు, వెలుగు రాలేదు.
మిషను ఆగింది. బట్టలు ఆరేశాను.

కాగితం రాలేదు.
ఫీజు ఏడాదికి ఎనభై ఐదు వేలు.
శుక్రవారం కూడా చేస్తే ఆరు దినార్లిస్తానంది మామా.
ఆమె మంచిదే, అడగకుండానే అంది.
యాభై రెండు శుక్రవారాలు.
వేళ్ళు మడిచి లెక్కేశాను, సరిగ్గా సరిపోతాయి.

అట్లా, పోతానని చెప్పినందుకు
పోవడం మానుకున్నాను.

పదకొండు రోజులకు బిడ్డ మెసేజొచ్చింది:
చివరి తేదీ పదహారు.
అమ్మా అని లేదు.

ఈపాటికి నేలమాళిగలో కుర్చీలు వేస్తుంటారు.
సునందక్క పక్కన ఒకటి ఖాళీ పెట్టి ఉంటుంది.
నేను బియ్యం కడుగుతున్నాను, పది మందికి,
తెల్లటి నీళ్ళలో మణికట్టు దాకా చెయ్యి ముంచి
కాసేపు పైకి తియ్యను.